ఆ తల్లి ఎవరో పాపం

తిరుపతిలో ఆటోస్టాండు వెనక వీధి ప్రజలకు తెలియజేయునది ఏమనగా, కొత్త ఫ్లూ టీకా ఆరోగ్య కేంద్రానికి వచ్చింది. ఈ వార్తను వీధివారు ఎంతో హర్షించారు. టీకా చాలా మంచిదని, అందరూ తప్పక వేయించుకోవాలని, అయితే మొదట పక్కింటివాళ్లు వేయించుకోవాలని ఏకగ్రీవంగా తీర్మానించారు. పక్కింటివాళ్లు కూడా ఇదే తీర్మానం చేయడంతో కార్యక్రమం అంతటితో విజయవంతంగా ముగిసింది.

ఈ వీధిలో ముందుచూపుకు పెట్టింది పేరు మునిలక్ష్మి. భర్త గిరి ఆటో తీసుకుని అలిపిరికి బయల్దేరితే, తిరిగొచ్చేలోపు ఆ ఆటో ఆమె మనసులో ఎన్నిసార్లు బోల్తా పడేదో లెక్కలేదు. చదువు ఎనిమిదో తరగతి దగ్గర ఆగినా, మిగతాది ఫోన్లో పూర్తిచేస్తోంది. కూతురు కోమలికి చలిగాలి తగిలితే చాలు, ఛాతీలో పిల్లికూతలు మొదలవుతాయి. నర్సమ్మ ఇంటికే వచ్చి, “జలుబు లోపలికి దిగితే ఈ బిడ్డ తట్టుకోలేదు, ముందు మీ పాపకే ఏపించాల” అని చెప్పి వెళ్లింది.

అప్పటి నుంచి మునిలక్ష్మికి రెండు భయాలు. వేయించకపోతే ఏమవుతుందో, వేయిస్తే ఏమవుతుందో. అంతకుముందు ఒక్కో భయంతోనే సంసారం నెట్టుకొస్తున్న మనిషి.

ఇలాంటి శాస్త్రీయ విషయాలు తేల్చడానికి గంగమ్మ గుళ్లో పూలడిగే పద్ధతి ఉండనే ఉంది. తెల్లపువ్వు, ఎర్రపువ్వు వేరువేరుగా పొట్లాలు కట్టించి అమ్మవారి పాదాల దగ్గర పెట్టించింది. తెల్లది వస్తే వేయించాలి, ఎర్రది వస్తే మానాలి. కోమలి చేతికి తెల్లది వచ్చింది. అమ్మవారు సరిగ్గా విన్నదో లేదోనని మళ్లీ అడిగింది. మళ్లీ తెల్లదే. ఇంత గట్టిగా చెప్తోందంటే ఇందులో ఏదో ఉందని మునిలక్ష్మికి అనుమానం వచ్చింది. పైగా అమ్మవారికి ఫోను లేదు, బయటి సంగతులు ఎలా తెలుస్తాయి? అందుకని ఆ తీర్పు మీద వాట్సాప్‌లో అప్పీలుకు వెళ్లింది.

గూడూరులో ఉండే అక్క సుబ్బులమ్మకు మెసేజి పెట్టింది: “అక్కా, ఈ కొత్త సూది ఏస్తే బిడ్డకు చెయ్యి పైకి లేవకుండా పోతే ఏం జేసేది?” ఈ మాట ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఉల్లిపాయలు తరుగుతుండగా తనకే తట్టింది. అక్క దాన్ని నిమ్మకాయల మండీలో తెలిసిన ఆడవాళ్లకు పంపింది, వాళ్లు శ్రీకాళహస్తికి పంపారు. మరునాటికి అది క్షేమంగా మునిలక్ష్మి ఫోనుకే చేరింది: ‘తిరుపతిలో ఘోరం. సూది వేయించిన ఒక బిడ్డకు చెయ్యి పైకి లేవడం లేదు. తల్లి గోడుగోడున ఏడుస్తోంది. పదిమందికీ పంపండి.’

మునిలక్ష్మి కూడా ఏడ్చింది. ఆ బిడ్డ కోసం దీపం పెట్టింది.

“ఏమే, ఆ తల్లి నువ్వే గదా,” అన్నాడు గిరి. “చెయ్యి సంగతి మొన్న నువ్వే గదా మీ అక్కకు పెట్టినావు.”

“నేనెట్లయితా? మన బిడ్డకు సూదే ఏపించలేదే.”

“నేనూ అదే చెప్తా ఉండా.”

“అందుకే, ఆయమ్మ వేరే ఎవురో. పాపం.”

ఈ వాదనలో గిరికి ఎక్కడా సందు దొరకలేదు. ఆటో తీసుకుని వెళ్లిపోయాడు. మునిలక్ష్మి మెసేజీని పదిమందికీ పంపింది. పంపకపోతే ఆ తల్లి ఉసురు తగలదా? నర్సమ్మ మళ్లీ వచ్చినప్పుడు, అమ్మ ఇంట్లో లేదని కోమలి చేత చెప్పించింది.

ఆ వారమే బడిలో జ్వరాలు మొదలయ్యాయి. కోమలి ఒళ్లు కాలిపోయింది. పక్కటెముకలు లోపలికి లాక్కుపోతూ ఊపిరి తీసింది. నీళ్లు అడగలేదు, అమ్మను కూడా పిలవలేదు. పిలవడానికి ఊపిరి చాలలేదు.

ఆసుపత్రిలో మొహానికి మాస్కు పెట్టి మందు పొగ ఎక్కించారు. సెలైన్ కోసం చేతికి అట్ట కట్టారు. “ఆయాసం ఉండే బిడ్డకు టీకా ఎందుకు ఏపించలేదమ్మా? ఇంత ముదిరేది కాదేమో,” అన్నాడు డాక్టరు.

“ఏమన్నా అయితేనో అని, సార్.”

డాక్టరు మంచం వైపు చూశాడు. మునిలక్ష్మి కూడా చూసింది. అన్ని భయాలు పడిన మనిషికి ఈ భయం మాత్రం సమయానికి అందలేదు.

బిడ్డ గండం గడిచింది. ఎట్లుందని పక్కింటి సుజన అడిగితే మునిలక్ష్మి ఒక ఫోటో పంపింది. మాస్కు, అట్ట కట్టిన చెయ్యి, పైకి లేవని చెయ్యి. సుజన కన్నీళ్లతో నలుగురికి పంపింది. సాయంత్రానికల్లా అది పాత మెసేజీకి సాక్ష్యంగా అతుక్కుంది. ‘ఆ బిడ్డ నా కూతురే, సూది ఏపించలేదు, అందుకే ఇట్లయింది’ అని మునిలక్ష్మి వీధి గ్రూపులో రాసింది. దాన్ని ఒక్కరూ ముందుకు పంపలేదు. తప్పుడు వార్తలు పెట్టొద్దని ఒకామె మందలించింది కూడా.

అక్క కంగారుపడుతుందని గూడూరుకు ఏమీ చెప్పలేదు. కోమలిని ఆసుపత్రి నుంచి ఇంటికి పంపించే రోజు అక్కే ఫోను చేసింది.

“ఏమే మునీ, ఫోటో చూసినావా? అచ్చం మన కోమలి మాదిరే ఉండాది. ఆ తల్లికి బుద్ధుండొద్దా?”

“లేదక్కా. ఉండుంటే ముందే సూది ఏపించేది.”

“ఏపించినందుకే గదా అట్లయింది. నువ్వు మాత్రం జాగర్త.”

“అక్కా, అది మన కోమలే. ఆ బిడ్డకు సూదే ఏపించలేదు.”

అవతల తలుపు దగ్గరికి వేసిన చప్పుడు వినిపించింది.

“చూసినావా,” అంది సుబ్బులమ్మ, గొంతు తగ్గించి. “నీకు గూడా తెలీకుండా ఏసేసినారు.”

మునిలక్ష్మి ఫోను పెట్టేసింది. ఎంత అన్యాయమైన మాటలు పుట్టిస్తారమ్మా జనం అనుకుంది. అనుకుని, ఎందుకైనా మంచిదని, కోమలి గౌను చేతులు రెండూ పైకి మడిచి భుజాలు చూసింది.