ల్యాండ్‌మాస్టరు కింద నిమ్మకాయలు

జూన్ మొదటి వారంలో ఓ శనివారం పొద్దున బలరాం వేసుకున్న పథకం చాలా చిన్నది. ఏడింటికి కారును ట్రాలీ మీదికి ఎక్కించాలి. ఎనిమిదిలోగా తాళ్లు బిగించాలి. సాయంత్రం నాలుగింటిలోగా ఒక్క గీత కూడా పడకుండా ఖమ్మంలో దించాలి. ఆ తర్వాత భార్యతో ఒకే ఇంట్లో కాపురం చేయాలి.

కారుకూ కాపురానికీ ఏమిటి సంబంధమంటే, ఆ రెంటినీ ముడివేసిన ఘనత భాస్కర్ సారుది. బలరాం అశ్వారావుపేటలో ఒక సర్కారు ఆఫీసులో గుమాస్తా. భార్య సోని ఖమ్మంలో నర్సు. పెళ్లయి మూడేళ్లయినా వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకునేది ఆదివారాలే, అదీ సోనికి డ్యూటీ లేకపోతే. ఖమ్మానికి బదిలీ ఉత్తర్వు వచ్చి నాలుగు నెలలైంది. కానీ ఇక్కడినుంచి వదిలిపెడుతున్నట్టు పై అధికారి భాస్కర్ సంతకం చేయాలి. ఆయన నాలుగు నెలలుగా "చూద్దాం" అంటున్నాడు. చూసి చూసి, మొన్న గురువారం బలరాంను లోపలికి పిలిచాడు.

"మా నాన్నగారి కారు తోటలో ఉంది. ఖమ్మంలో కొత్తింటికి చేర్చు. శనివారం నాలుగింటికి మంచి గడియ. గీత పడకుండా చేరిందంటే, ఆ కారు బానెట్ మీదే కాగితం పెట్టి నీకు సంతకం చేస్తా" అన్నాడు.

ఆ కారు యాభై ఆరు నాటి ల్యాండ్‌మాస్టరు. పెద్దాయన పోయాక పదిహేనేళ్లు అడవి అంచున తోటలోని షెడ్డులో కోళ్లకు ఆశ్రయమిచ్చింది. ఈమధ్యే సత్తుపల్లి నుంచి పెయింటరును రప్పించి నల్లరంగు వేయించారు. అద్దంలోకన్నా దాని తలుపులోనే మొహం బాగా కనిపిస్తోంది. ఇంజనూ బ్రేకులూ మాత్రం ఖమ్మం మెకానిక్కు చూడాల్సిందే. హ్యాండ్‌బ్రేకు లాగితే కడ్డీ పైకి వచ్చేది గానీ, ఆ సంగతి చక్రాలకు తెలిసేది కాదు.

ట్రాక్టరు బలరాం మేనమామ పూల్‌సింగ్‌ది. పదేళ్లుగా తోటల నుంచి మిల్లుకు పామాయిల్ గెలలు తోలుతున్న చెయ్యి అతనిది. తాడు పట్టాడంటే ఎవరి సలహా వినే రకం కాదు. కారును గట్టు మీదినుంచి ట్రాలీలోకి తోయగానే, తాడు చుట్ట విప్పి కారు నెత్తి మీదుగా విసరబోయాడు. బలరాం పరుగున వచ్చి చెయ్యి పట్టుకున్నాడు.

"మామా, పైనుంచి ఎయ్యకు. రంగు పోతది."

"పైనుంచి ఎయ్యకుంటె ఏడికెళ్లి ఎయ్యాలె? గెలలు గట్లనే గద కట్టేది."

"ఇది గెల గాదే. సారు రాసిచ్చిండు. తాడు ఒంటికి తగలొద్దంట, చక్రాలకే కట్టాలంట. ముందు తాళ్లు ముందుకు, ఎనక తాళ్లు ఎనకకు గుంజాలె. చక్రాలకు ముందూ ఎనకా దిమ్మెలు పెట్టాలె. ఇంజను బరువు ట్రాలీ ముందుకే ఉండాలంట."

"సారు ఎన్నడన్న తాడు వట్టిండా?" అని గొణిగాడు పూల్‌సింగ్. అయితే విషయం బుర్రకెక్కాక అతనికి తిరుగులేదు. కారు మూతిని ట్రాలీ ముందు పలకకు ఆనించాడు. నాలుగు చక్రాలకూ నాలుగు తాళ్లు వేసి, కర్రముక్క దూర్చి మెలితిప్పి, తంబూరా తీగల్లా మోగేదాకా బిగించాడు. షెడ్డులో దుమ్ముకొట్టుకుని పడివున్న చెక్క దిమ్మెలు ఎనిమిది తెచ్చి చక్రాల కింద దిగ్గొట్టాడు. బలరాం భుజం పెట్టి తోసి చూశాడు. కారు అంగుళం కూడా కదలలేదు. అతనికి ఆ క్షణంలోనే ఖమ్మంలో అద్దె ఇల్లు, దాని వంటగది, అందులో సోని కనిపించారు.

అప్పుడు వచ్చింది భాస్కర్ సారు తల్లి రాఘవమ్మ, పళ్లెంలో కొబ్బరికాయా నాలుగు నిమ్మకాయలూ పెట్టుకుని. బండి ఏదైనా సరే, చక్రం కింద నిమ్మకాయ నలగకుండా కదిలితే ఆవిడ ఒప్పుకోదు. పూల్‌సింగ్ ఆ కాయలను ట్రాక్టరు చక్రాల దగ్గరికి తీసుకుపోబోతే ఆపింది.

"ప్రయాణం ఎవరిదయ్యా? ట్రాక్టరుదా, కారుదా?"

"కారుదే అమ్మగారూ."

"మరి కారు చక్రాల కిందే నలగాలి కదా."

"కారు కదలకుండ కట్టినం అమ్మగారూ."

"అయితే విప్పండి. నలిగాక మళ్లీ కట్టుకోండి. ఎంతసేపు?"

గంట పట్టింది. తాళ్లు విప్పి, దిమ్మెలు పీకి, ముందుకు తోసే వీలు లేదు గనక వెనక్కి అర అడుగు తోశారు. నిమ్మకాయలు నాలుగూ నలిగాయి. బలరాం కారును మళ్లీ ముందుకు తోయబోతే రాఘవమ్మ కొంగు అడ్డం పెట్టినంత పని చేసింది.

"దాటిన నిమ్మకాయను మళ్లీ దాటకూడదు అబ్బాయ్. అక్కడే ఉండనివ్వు. అర అడుగుకు ఏమవుతుంది?" అని, ఖమ్మం బస్సు అందుకోవడానికి వెళ్లిపోయింది.

అర అడుగుకు ఏమవుతుందో మూడో మలుపులో తెలిసింది. రెండు చక్రాల ట్రాలీకి బరువు ముందు ఉంటే ట్రాక్టరు మీద ఒదిగి కూర్చుంటుంది, వెనక్కి పోతే ముక్కు పైకెత్తుతుంది. ఇది ఎత్తింది. గుంట వచ్చినప్పుడల్లా కొక్కెం ఎగిరి టంగుమని మోగుతోంది, ట్రాక్టరు వెనక చక్రాలు నేలను సరిగా పట్టడం లేదు, వెనకనుంచి ట్రాలీ ఇటూ అటూ ఊగుతోంది. పూల్‌సింగ్ మొహంలో ఎన్నడూ లేని భయం బలరాంకు కనిపించింది. ట్రాలీ ముందు పలక మీదికి ఎక్కి కూర్చున్నాడు. అతని బరువు యాభై కిలోలు. ట్రాలీ దాన్ని లెక్కలోకి తీసుకోలేదు.

ఆ అవస్థలో అడవి మలుపు తిరిగేసరికి రోడ్డుకు అడ్డంగా తాడు కనిపించింది. పూల్‌సింగ్ బ్రేకు తొక్కాడు. వెనక కారు కిర్రుమంది. బలరాం కళ్లు మూసుకుని, ఏ చప్పుడూ వినపడకపోయేసరికి మళ్లీ తెరిచాడు.

కోయగూడేల్లో అవి భూమి పండుగ రోజులు. మగవాళ్లు వేటకు అడవిలోకి పోతే, ఆడవాళ్లు రోడ్డుకు తాడు కట్టి, వచ్చే పోయే బండ్లను ఆపి, పాట పాడి చందా పుచ్చుకుంటారు. పదిమంది ఆడవాళ్లు నవ్వుతూ ట్రాలీ చుట్టూ మూగారు. ముందున్న జంపక్క కారు చక్రాలకున్న తాళ్లను ఎగాదిగా చూసింది.

"మా మగోళ్లు తెల్లారకముందే పోయిర్రు, ఇంతవరకు కుందేలు గూడ తేలే. సారు జూడు, ఎంత పెద్దదాన్ని వట్టి, కాళ్లు గట్టి తెస్తుండో" అంది.

ఆడవాళ్లు ఘొల్లున నవ్వారు. బలరాంకు నవ్వు రాలేదు. అతని చూపంతా వాళ్ల చేతుల గాజుల మీదే ఉంది. ఎవరి చెయ్యి తలుపు వైపు జరిగినా అతను అడ్డం జరుగుతున్నాడు. అడిగినదానికన్నా ఎక్కువే చందా ఇచ్చి, దండం పెట్టి, దారి ఇమ్మన్నాడు. జంపక్క మాత్రం కదలలేదు.

"పూల్‌సింగన్నా, బరువు ఎనకకున్నది. నీ ట్రాలీ ముక్కు లేస్తలేదా?" అంది. మామూలు రోజుల్లో గెలలు ఎత్తే కూలి పని ఆమెది.

పూల్‌సింగ్ తల దించుకున్నాడు. "అవ్ అక్కా. నిమ్మకాయల కాడ అయింది."

"మేం చెక్‌పోస్టు దాక వస్తం. ఆడ గూడ తాడు కట్టేదున్నది. ముందట కూసుంటం."

ఎనిమిది మంది ముందు పలక దగ్గర సర్దుకుని కూర్చోగానే ట్రాలీ ముక్కు బుద్ధిగా కిందికి దిగింది. కొక్కెం మోగడం ఆగింది. బలరాంకు ప్రాణం లేచొచ్చింది. కానీ ఎనిమిది మంది ఆడవాళ్లు ఊరికే కూర్చోరు కదా, పాట ఎత్తుకున్నారు. నల్లగా నిగనిగలాడే కారు, నాలుగు చక్రాలకూ పసుపు తాళ్లు, ముందు ఆడవాళ్ల పాట. తర్వాతి ఊరి జనానికి ఇది ఊరేగింపు కాదని చెప్పేవాళ్లెవరు? ఒక ముసలామె బిందెడు నీళ్లు తెచ్చి చక్రాల మీద వారపోసి, ఆ తర్వాత "ఏ దేవుడు బిడ్డా?" అని అడిగింది. బలరాం "భాస్కర్ సారు" అన్నాడు. ఆమె ఆ దేవుడికీ దండం పెట్టింది.

బిందెడు నీళ్లకు ఏమవుతుందని బలరాం అనుకున్నాడు. పదిహేనేళ్ల దుమ్ము కడుక్కుపోయి చక్రాల కింది దిమ్మెలు బంగారు రంగులో మెరుస్తున్నాయని అతను చూడలేదు. చెక్‌పోస్టు దగ్గర ఫారెస్టు గార్డు దూలయ్య చూశాడు. అప్పటికే ఆడవాళ్లు దిగి అవతల తాడు కట్టుకుంటున్నారు.

"పర్మిట్ ఏది?"

బలరాం కారు కాగితాలు తీసి ఇచ్చాడు.

"కారుది గాదు. దిమ్మెలది. అసలు సిసలు టేకు. అడివి నుంచి బయటికి పోవాలంటె కాగితం ఉండాలె."

"అన్నా, అవి చక్రాల కింద పెట్టినయే."

"కలప ఏడ పెట్టినా కలపే. గుంజుండ్రి."

"గుంజితే కారు ఆగదన్నా. తాళ్ల మీద ఎంతసేపుంటది? రోడ్డు ఏటవాలుగ ఉన్నది."

దూలయ్య చెడ్డవాడు కాదు, నియమం తప్పని వాడు. తనే వంగి ఒక్కొక్కటీ పీకి, లెక్కపెట్టి, తాళం వేసిన గదిలో భద్రపరిచాడు. ఎనిమిదో దిమ్మె రాగానే తాళ్లు సన్నగా మూలిగాయి. కారు బెత్తెడు వెనక్కి జరిగింది. బలరాం ట్రాలీలోకి దూకి, కారు వెనక బంపరుకు వీపు ఆనించి, కాళ్లు అడుగు చెక్కకు తన్నిపెట్టాడు. సరిగ్గా అప్పుడే జేబులో సెల్లు మోగింది. భాస్కర్ సారు.

"ఎంతవరకొచ్చారు?"

"చెక్‌పోస్టు కాడ ఉన్నం సార్."

"గీతలేం పడలేదు కదా?"

"కారు మీద పడలే సార్" అన్నాడు బలరాం, వీపు మండుతుంటే.

దారి చూపింది మళ్లీ జంపక్కే. ఆమె చెల్లెలి తోటలో కోసిన గెలలు రోడ్డు పక్కనే కుప్పపోసి ఉన్నాయి. పూల్‌సింగే వాటిని మిల్లుకు తోలాలి. "ముందట కొన్ని ఎయ్యి, చక్రాల కింద కొన్ని దోపు. కానీ అన్నా, రేపు పొద్దుగాల్లకు మిల్లుల పడాలె. లేకుంటె పాడైతయ్" అంది. తలా ఒక చెయ్యి వేశారు. పన్నెండు గెలలు ముందు పలక దగ్గర, ఎనిమిది గెలలు చక్రాల కింద. ముళ్ల గెలలు చక్రాలను కరుచుకున్నట్టు పట్టుకున్నాయి. చేతుల నిండా ముళ్లు దిగినా బలరాం ఆమెకు రెండు చేతులూ జోడించాడు.

అక్కడినుంచి సత్తుపల్లి, కల్లూరు దాటేదాకా అతను గెలల మీదే కూర్చుని వెనక్కి చూస్తూ ప్రయాణించాడు. పది కిలోమీటర్లకోసారి ఆపించాడు, తాళ్లు మీటి చూశాడు. గెల మీద చెయ్యి వేసినందుకు టీకొట్టు దగ్గర ఒకాయన మీద కేకలేశాడు. జన్మలో ఎవరి మీదా అతను గొంతెత్తలేదు.

నాలుగుకు పావుగంట ముందు ట్రాలీ భాస్కర్ సారు కొత్తింటి గేటు ముందు ఆగింది, వెనక భాగం పల్లంలో ఉన్న గేటు వైపు. గేటు పక్కన డ్యూటీ బట్టల్లోనే వచ్చి నిలబడింది సోని. బలరాం ఆమె వైపు చూసి తల ఊపాడు. భాస్కర్ తెల్ల రుమాలు తీసి, కారు చుట్టూ ట్రాలీ మీదే ఒక్కొక్క అంగుళం తుడుస్తూ నడిచాడు. తలుపులు, మడ్‌గార్డులు, దీపాల చుట్టూ, బంపరు అడుగున. రుమాలుకు దుమ్ము తప్ప ఏమీ అంటలేదు. కాగితం తీసి బానెట్ మీద పరిచాడు. పెన్ను మూత తీశాడు.

అక్కడితో ఊరుకుంటే బాగుండేది. తాళ్లు విప్పుతున్న పూల్‌సింగ్‌కు మేనల్లుడి గొప్ప చెప్పాలనిపించింది.

"మా అల్లుడు ఉన్నడు గన్క తెచ్చినం సారూ. ట్రాలీ ముక్కు లేస్తె ఆగం గాలే. దిమ్మెలు గుంజుకుంటె వీపు అడ్డం పెట్టిండు. అన్నం గూడ తినలే" అని మొదటినుంచీ చివరిదాకా చెప్పుకొచ్చాడు.

భాస్కర్ వింటూ వింటూ పెన్నుకు మూత పెట్టేశాడు. కళ్లలో నిజంగానే తడి.

"ఇన్నాళ్లూ నీ విలువ నాకు తెలియలేదు బలరాం. ఇలాంటి మనిషిని పంపించేసి ఆఫీసు ఎవరి చేతిలో పెట్టను? నేనున్నన్నాళ్లూ నువ్వు నా దగ్గరే ఉండు" అని కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "వచ్చే ఏడు చూద్దాం."

పొద్దున్నుంచి ముళ్లకూ ఆకలికీ రాని ఏడుపు బలరాంకు ఇప్పుడొచ్చింది. సోని వైపు చూసే ధైర్యం లేకపోయింది.

"నాలుగవుతోంది, కానివ్వండి" అంటూ రాఘవమ్మ వచ్చింది, పళ్లెంలో నాలుగు నిమ్మకాయలతో. "కొత్తింట్లోకి వచ్చే బండి. బలరాం, ఇంత కష్టపడి తెచ్చావు, నీ చేత్తోనే పెట్టు నాయనా."

దించడానికి చెక్కలు అప్పటికే ఆనించి ఉన్నాయి. తాళ్లు విప్పేసి, ముందు చక్రాల గెలలు తీసేసి ఉన్నాయి. బలరాం వెనక చక్రం దగ్గర వంగాడు. దాని వెనకున్న గెలను రెండు చేతులా పట్టి పక్కకు లాగాడు. ఆ చోట నిమ్మకాయను శ్రద్ధగా పెట్టాడు. లేచి పక్కకు నిలబడ్డాడు.

రెండో వెనక చక్రం కింది గెల చెక్‌పోస్టు నుంచి నలిగి నలిగి నూనె కారుతోంది. ఒంటరిగా కారును ఆపడం దానివల్ల కాలేదు. ల్యాండ్‌మాస్టరు తొందరేమీ లేకుండా, పెద్దమనిషి మెట్లు దిగినట్టు, చెక్కల మీదుగా వెనక్కి దిగింది. అందరూ పక్కకు తప్పుకున్నారు. అది గేటులోకి పోలేదు, గేటు స్తంభాన్ని వెతుక్కుంటూ పోయింది. కొత్త స్తంభం మీద భాస్కర్ పేరు చెక్కిన పాలరాయి రెండు ముక్కలైంది. బంపరు వంగింది. తలుపు పొడవునా తెల్లగా ఒక గీత, స్కేలు పెట్టి గీసినంత తిన్నగా పడింది.

రాఘవమ్మ ట్రాలీ మీదికి తొంగి చూసి, "నిమ్మకాయ నలిగింది. సరిగ్గా నాలుగింటికి" అంది.

భాస్కర్ పగిలిన తన పేరును చూశాడు, గీతను చూశాడు, బలరాంను చాలాసేపు చూశాడు. తర్వాత జేబులోంచి కాగితం తీశాడు. బానెట్‌కు మాత్రం దెబ్బ తగల్లేదు. దానిమీదే పెట్టి, పెన్ను విరిగేంత గట్టిగా సంతకం చేశాడు.

రిక్షాలో సోని భర్త అరచేతిలో ముల్లు తీస్తూ మెల్లగా అడిగింది. "నిజం చెప్పు. కావాలని తీసినవా?"

"నిమ్మకాయ పెట్టమన్నది అమ్మగారే గద" అన్నాడు బలరాం, రోడ్డు వైపు చూస్తూ.

సంతకం పైన భాస్కర్ స్వహస్తాలతో రాసిన కారణం మాత్రం ఒకటే: 'ప్రజా ప్రయోజనాల దృష్ట్యా, తక్షణమే.'