తనంతట తాను పడే తాళం

ఆత్మరక్షణకని నడుముకు కట్టుకునే రివాల్వరుకు తాళం ఉండి తీరాలి! ఇది నా నిశ్చితాభిప్రాయం. మీరు నవ్వుకుంటే నవ్వుకోండి. ప్రాణం కాపాడే యంత్రానికి, ఆ పని చెయ్యకుండా ఆపే ఏర్పాటు ఒకటి లోపలే ఉండాలని కనిపెట్టిన మహానుభావులకు ఈ మోంటానా కొండల్లో ఇంకా విగ్రహం పెట్టలేదంటే మనమెంత కృతఘ్నులమో చూడండి.

సంగతి తెలియనివాళ్లకు ఒక్క ముక్క. ఇప్పుడొస్తున్న రివాల్వర్లకు ఎడమపక్కన చిన్న చిల్లు ఉంటుంది. అందులో పుల్లంత తాళంచెవి పెట్టి తిప్పితే తుపాకీ బిగుసుకుపోతుంది. మళ్లీ తిప్పేదాకా అది తుపాకీ కాదు, ఇనపముక్క. మీకు అక్కర్లేదన్నా వినరు, కంపెనీ వాళ్లే బిగించి ఇస్తారు.

అసలు మన జనానికి తొందరెక్కువ. ఎలుగుబంటి ఎదురుపడితే చాలు, వెంటనే ప్రాణం దక్కించుకోవాలని చూస్తారు! ఏం మర్యాద అది? జేబులు తడుముకుని, చెవి బయటికి తీసి, కళ్లజోడు పెట్టుకుని, చిల్లు ఎక్కడుందో వెతుక్కుని, నిదానంగా తిప్పి, అప్పుడు కదా కాల్చాలి? ఈలోగా ఎలుగు పని ఎలుగు చేసుకుంటుంది.

ఆ మాటకొస్తే ఈ సదుపాయం రివాల్వరుతో ఎందుకు ఆగిపోయింది? మన ఊరి ఫైరింజను గొట్టానికి తాళమేది? జనవరి మంచులో లోయలోకి జారిపోతున్న ట్రక్కు బ్రేకుకు తాళమేది? పడవ బోల్తా కొట్టినప్పుడు వేసుకునే లైఫ్ జాకెట్టుకు? అత్యవసరమైన ప్రతి వస్తువుకీ ఒక తాళం, ఆ చెవి ఇంట్లో. నాగరికత అంటే ఇది కాదూ!

పిల్లల క్షేమం కోసమే తాళం పెట్టామంటుంది కంపెనీ. చాలా మంచి మాట. మొన్న ఆదివారం చర్చి హాల్లో అందరూ పాన్‌కేకులు తింటుంటే లేచి అడిగాను, ఈ తాళం ఎప్పుడైనా వేసినవాళ్లు చెయ్యెత్తండని. ఒక్క చెయ్యి లేస్తే ఒట్టు! పిల్లలున్నవాళ్లు తుపాకీని ఇనప బీరువాలో పెడతారట. చెవి ఎక్కడుందో తెలిసినవాళ్లైనా చెయ్యెత్తండన్నాను. ఒకాయన ఎత్తాడు. పక్కనే కూర్చున్న వాళ్లావిడ దించేసింది.

మనం ఎలాగూ వెయ్యబోమని తాళానికి తెలుసు. అందుకే అప్పుడప్పుడు తనే పడుతుంది! ఎంత బాధ్యత చూడండి. దాని పద్ధతి తుపాకుల కొట్టు వర్జిల్ నాకు విడమరిచి చెప్పాడు. బరువు తక్కువని మనం తేలిక రివాల్వరు కొంటాం. ప్రాక్టీసుకి మందు తక్కువ కూరిన మెత్తటి తూటాలు కాలుస్తాం, చెయ్యి నొప్పెట్టదని. కొండెక్కేటప్పుడు మాత్రం వాటిని తీసేసి, ఎలుగు కోసమని దాచిన గట్టి తూటాలు నింపుతాం. ఇది మన తాతలనాటి అలవాటు. మెత్తటి తూటాకి తాళం కిక్కురుమనదు. గట్టి తూటా పేలిన అదురుకు ఒక్కోసారి లోపలి తాళం పలక తనే లేచి బిగుసుకుంటుంది. అంటే ఉత్తుత్తి గురికి పనిచేసి, నిజంగా ఎలుగు వచ్చిన రోజున మొరాయిస్తుందన్నమాట. ఇంత తెలివి మనుషుల్లో కూడా చూడం.

ఈ భాగ్యం మన స్కూలు బస్సు నడిపే ఆర్డిస్ టోలెఫ్సన్‌కు దక్కింది. ఆగస్టులో వదిన నెడ్రాని వెంటబెట్టుకుని హకల్‌బెర్రీలు ఏరడానికి కొండెక్కింది. ఆ పళ్లంటే మనకెంత ఇష్టమో ఎలుగులకూ అంతే. పొదల్లోంచి గ్రిజ్లీ ఎలుగు లేచింది, మీదికొచ్చింది. ఆర్డిస్ ఒక తూటా కాల్చింది, గురి తప్పింది. రెండోసారి ట్రిగ్గర్ నొక్కింది. కదల్లేదు. మళ్లీ నొక్కింది. అబ్బే! ఎలుగు ఆమె కుడిచెయ్యి కరిచి పట్టుకుంది. నెడ్రా పరుగెత్తుకొచ్చి కారం స్ప్రే డబ్బా దాని మొహాన ఖాళీ చేస్తే వదిలింది. చూశారా, ఆ డబ్బాకు తాళం లేదు! అందుకే అంత అనాగరికంగా వెంటనే పనిచేసింది.

ఆ చెయ్యి మళ్లీ స్టీరింగు తిప్పుతుందో లేదో చెప్పలేనన్నాడు డాక్టరు. మొగుడు పోయాక ఆర్డిస్‌కు ఆ బస్సే బతుకు, ఆ బస్సులో పిల్లలే సంసారం.

వర్జిల్ కబురు పెడితే కంపెనీ డెన్‌బీ అనే పెద్దమనిషిని పంపింది. ఇస్త్రీ నలగని కోటు, నలగని చిరునవ్వు. వర్జిల్ కొట్లో అందరం చేరాం.

"అమ్మా, మా తాళం దానంతటది పడదండీ. చెవి పెట్టి తిప్పితేనే పడుతుంది" అన్నాడు.

"అంటే, ఎలుగు మీదికొస్తుంటే ఆగవే తల్లీ అని దాన్ని నిలబెట్టి, నేనే చెవి తిప్పుకున్నానంటావా నాయనా?" అంది ఆర్డిస్.

"అబ్బెబ్బే, పొరపాటున చెయ్యి తగిలి..."

"చెవి మా వంటింటి సొరుగులో ఉందయ్యా, నేను కొండమీదున్నాను. నా చెయ్యి అంత పొడుగని నాకే తెలీదు! ఉన్న కాస్తా ఎలుగు నమిలేసింది."

డెన్‌బీ చిరునవ్వు చెక్కుచెదరలేదు. ఆ చోటు తను స్వయంగా చూసి రిపోర్టు ఇవ్వాలన్నాడు.

"ఓస్, అంతేనా! నేనే తీసుకెళ్తా పద. ఎలుగు ఇంకా అక్కడే తిరుగుతోందట" అంది ఆర్డిస్.

ఆయన బయల్దేరబోతూ, అలవాటు కొద్దీ కోటు పక్కకు తొలగించి నడుము తడుముకున్నాడు. అక్కడ రివాల్వరుంది. వాళ్ల కంపెనీదే. వర్జిల్ కొట్టు బల్లమీదుగా వంగి మరీ చూశాడు. పాతకాలం రకం. చిల్లు లేదు.

"ఏం బాబూ, నీదానికి తాళం పెట్టలేదేం?" అంది ఆర్డిస్.

"ఇది... మా నాన్నగారిదండీ. సెంటిమెంటు."

"మంచిదే. అయితే దాన్ని వర్జిల్ దగ్గర భద్రంగా ఉంచి, నాది కట్టుకో. పడదన్నావుగా? గట్టి తూటాలు నేనిస్తా."

డెన్‌బీకి హఠాత్తుగా విమానం వేళ గుర్తొచ్చింది. కొండ చూడకుండానే వెళ్లిపోయాడు. రిపోర్టు మాత్రం రాశాడట, చెవి ఆవిడే తిప్పుకుందని.

నాకు ఆయనమీద జాలేసింది సుమండీ! అంత దివ్యమైన తాళాన్ని లోకమంతా పంచిపెట్టి, తన నడుముకంటూ ఒక్కటి ఉంచుకోలేదు. త్యాగమంటే అదీ! కొట్లోంచి బయటికొస్తూ ఆర్డిస్ నన్నడిగింది: "మరి ఆ తాళం ఎవరికోసం పెట్టినట్టు గస్?" పిల్లల కోసం కాదు, వాళ్లింట్లో దాన్ని ఎవరూ వెయ్యరు. ఆర్డిస్ కోసం అంతకన్నా కాదు. ఎవరైనా కోర్టుకెక్కితే "మేం తాళం పెట్టాం కదండీ" అని చెప్పుకోవడానికి. ఆ ఒక్క పనిలో మాత్రం అది ఇంతవరకూ ఎప్పుడూ మొరాయించలేదు.