పైడమ్మ గోనెసంచి

ఏటికి రెండు వైపులా పరుచుకున్న ఒక పెద్ద అడవిలో, జంతువులన్నీ వానాకాలానికని అవతలి ఒడ్డు కొట్టులో వేరుశెనక్కాయలు దాచుకున్నాయి. ఆ కొట్టులో ఎలుకలు పడ్డాయి. ఇవతలి ఒడ్డు పిల్లి పైడమ్మను అక్కడికి బదిలీ చేశారు.

పైడమ్మ గుండెల్లో రాయి పడింది. పుట్టి బుద్ధెరిగాక తన చెట్టుతొర్ర దాటి ఎరగదు.

"వెళ్ళనని అనడం లేదండీ. నా పాత గోనెసంచి, మూతున్న బుట్ట ఒకటి ఇప్పించండి. అక్కడ నాలుగు రోజులు నన్నెవరూ పలకరించకండి. అంతే!" అంది.

అంత తేలిగ్గా తేలిపోతే అది పరిపాలన ఎలా అవుతుంది? నక్క పాపారావు చకచకా 'మార్జాల స్థానచలన సౌకర్య సంఘం' పెట్టించి, తాను కార్యదర్శి అయ్యాడు. అధ్యక్షుడు తాబేలు కూర్మారావుగారు. ఆయన రోజూ ప్రయాణంలోనే ఉంటారు, ఒక్కనాడూ ఇంటిమీద బెంగ పెట్టుకోలేదు. అంతకన్నా అనుభవజ్ఞుడు ఎక్కడ దొరుకుతాడు!

"బెంగంతా మనసులోనే ఉంటుందమ్మా. నన్ను చూడు," అన్నారు కూర్మారావుగారు.

"మీ ఇల్లు మీ వీపు మీదే ఉంది కదండీ!"

"అధ్యక్షులవారికి ఎదురు చెప్పకు," అని కసిరాడు పాపారావు.

ప్రయాణం రోజున బుట్ట లేదు. గాడిద నూకరాజు వీపు మీద, డప్పులతో ఊరేగింపు. గోనెసంచి కంపు కొడుతోందని పాపారావు పారేయించాడు. కొట్టు దగ్గర మూడు ఉపన్యాసాలయ్యాక పైడమ్మకి కొత్త శాలువా కప్పారు. దాన్నిండా నక్క వాసనే. పైడమ్మ ఒక్క దూకు దూకి అటక మీద నక్కింది.

"ఆనందం పట్టలేకపోతోంది పాపం!" అని సంఘం చప్పట్లు కొట్టింది.

మర్నాటి నుంచి పొద్దున్నే సంఘమంతా వచ్చి, "అలవాటు పడ్డావా?" అని కేకలు. పైడమ్మ ఇంకా లోపలికి దూరేది. కింద ఎలుకలు దర్జాగా కాయలు ఒలుచుకు తింటున్నాయి.

మూడోనాడు నూకరాజు ఒక్కడే వచ్చాడు. పారేసిన సంచిని వీపుకి మెత్తగా ఉంటుందని తానే వేసుకున్నాడట.

"నీ సంచి మూలన పెట్టానమ్మా. దిగుతావో మానతావో నీ ఇష్టం," అని బయటికిపోయి గడ్డి మేస్తూ కూర్చున్నాడు.

పైడమ్మ దిగింది. సంచిలో ముక్కు పెట్టి, "అమ్మయ్య!" అని ఏడ్చేసింది. వారం తిరక్కుండా ఎలుకలు ఏరు దాటాయి.

సన్మానం ఎవరికి? కూర్మారావుగారికే. "నూకన్న తెచ్చిన సంచి చలవేనండీ," అంది పైడమ్మ, నోరూరుకోక.

"అలాగా! ఇంత ఘనమైన సంచి ఇంత మురికిగానా?" అని పాపారావు దాన్ని కుంకుడురసంలో ఉతికించి, అధ్యక్షులవారి పేరు రాయించి గోడకి తగిలించాడు.

పైడమ్మ వాసన చూసింది. తనది ఒక్క ఆనవాలు లేదు. నూకరాజు వీపు మీద మాత్రం పాత వాసన ఇంకా కాస్త మిగిలుంది. "ఇంటికి పోదాం పద నూకన్నా," అని ఎక్కి కూర్చుంది.

ఎలుకలు తిరిగొచ్చాయి, తొలకరికి కొట్టులో తొక్కలే మిగిలాయి. ఆ తొక్కల మీదే కూర్చుని సంఘం, పిల్లులకి సర్దుకుపోయే గుణం లేదని ఏకగ్రీవంగా తీర్మానించింది.

నీతి: కొత్తచోట ఎవరైనా కుదురుకోవాలంటే, సాయం చేసేవాళ్ళని ముందు ఇంట్లో కూర్చోబెట్టాలి.