మిగులుకొచ్చిన కరువు

"ఇకనుంచి మన వార్డులో ఒక్క మెతుకు కూడా వృథా కావడానికి వీల్లేదు!" అని కార్పొరేటర్‌గారు ప్రకటించగానే వార్డు ఆఫీసు చప్పట్లతో మారుమోగింది. మెతుకు అన్న మాటను ఆయన ఒత్తి పలికిన తీరుకు టైపిస్టు కళ్లు చెమర్చాయి. మిగిలిపోయిన తిండిని సేకరించి ఆకలిగా ఉన్నవాళ్లకు అందించే 'ఆహార సంరక్షణ కేంద్రా'న్ని శుక్రవారం మంత్రిగారే స్వయంగా వచ్చి ప్రారంభిస్తారని కూడా చెప్పారాయన. కేంద్రం అంటే ఒక ఫ్రిజ్. అలాంటిలాంటి ఫ్రిజ్ కాదు, మనిషి లోపల నిలబడొచ్చు. దాని తలుపు నిండా మంత్రిగారు నవ్వుతూ ఉంటారు.

తలుపు తీస్తే మాత్రం లోపల బల్బు తప్ప ఏమీ లేదు.

"మిగులేదయ్యా?" అని శానిటరీ ఇన్‌స్పెక్టర్ని అడిగారు కార్పొరేటర్‌గారు.

"మన వార్డులో మిగులు లేదు సార్."

"అంత పెద్ద హోటలుంది, ఫంక్షన్ హాలుంది, మిగలకుండా ఎలా ఉంటుందయ్యా?"

"మిగులుతుంది సార్. కాకపోతే పొద్దుగూకే లోపల మీ వదినగారు పట్టుకుపోతారు."

వదినగారు అంటే ఆయన అన్నగారి భార్య. అపార్ట్‌మెంట్ల వెనక పాత సైకిల్ షెడ్డులో ఆవిడ ఏదో చేస్తోందని కార్పొరేటర్‌గారు విన్నారు గానీ, ఓట్లు రాలే విషయం కాదని పట్టించుకోలేదు. ఇప్పుడు స్వయంగా వెళ్లి చూశారు. షెడ్డు గోడ వెంబడి పెయింటు డబ్బాల్లో, పగిలిన బకెట్లలో ఆకుకూరలు, టమాటాలు. మూలనున్న డ్రమ్ముల్లో తొక్కలు కుళ్లి ఎరువవుతున్నాయి. నలుగురు ఆడవాళ్లు హోటల్ గిన్నెల్లో వచ్చిన తిండి వేడి చేసి వడ్డిస్తున్నారు. వరుసలో కూలీలు, ఉద్యోగం ఊడిన ఒక డ్రైవరు, చేతికర్ర పట్టుకున్న ఇద్దరు ముసలమ్మలు.

"వదినా, ఒక్క వారం ఇదంతా ఆపండి."

"ఎందుకు?"

"కాస్త మిగలనివ్వండి. వృథా అంటూ ఉంటేనే గదా దాన్ని అరికట్టగలం!"

వదిన గరిటె పక్కన పెట్టి మరిదిని ఎగాదిగా చూసింది. "మరి ఈ వారం వీళ్లేం తినాలయ్యా?"

"శుక్రవారం మంత్రిగారి చేతులమీదుగా తింటారు."

"సరే. మంత్రిగారు ఎన్నింటికొస్తారో కనుక్కుని చెప్పు. అప్పటిదాకా ఆకలేయకుండా చూసుకోమంటాను."

ఆవిడ ఒప్పుకుందో లేదో కార్పొరేటర్‌గారికి అంతుబట్టలేదు. రాజకీయాల్లో ఉన్న మనిషి గనక ఒప్పుకున్నట్టే లెక్క వేసుకున్నారు. మర్నాడూ ఫ్రిజ్‌లో బల్బే వెలిగింది.

ఆయన హోటల్ యజమానిని పిలిపించారు. "రోజూ కాస్త ఎక్కువ వండండి."

"వండితే అమ్ముడుపోతుందండీ."

"అమ్మకండి."

"అమ్మకపోతే మీ వదినగారు తీసుకెళ్తారండీ."

వదినగారి మీద కేసు పెట్టొచ్చా అని ఇన్‌స్పెక్టర్ని వాకబు చేశారు. తిండి పెట్టడం ఏ సెక్షన్ కిందికీ రాదని అతను ఎంతో విచారంగా చెప్పాడు.

అప్పుడు పుట్టింది కార్పొరేటర్‌గారికి ఆ మహత్తర ఆలోచన. శుక్రవారం మధ్యాహ్నం హోటల్ నుంచి భోజనాలు తెప్పించి పార్టీ కార్యకర్తలందరికీ విందు. షరతు ఒక్కటే: ప్రతి ఒక్కరూ సగం తిని సగం వదిలెయ్యాలి. ఆ సగాలన్నీ ఫ్రిజ్‌లోకి వెళ్తాయి. మైకులో ఒకటికి రెండుసార్లు చెప్పించారు. కార్యకర్తలు పిడికిళ్లెత్తి, వదిలేస్తామని ప్రమాణం చేశారు.

విందయ్యాక చూస్తే ప్లేట్లు కడిగినట్టున్నాయి.

"ఏంటయ్యా ఇది?" అన్నారు కార్పొరేటర్‌గారు తల పట్టుకుని.

"సారీ సార్," అన్నాడు కార్యకర్తల నాయకుడు వేళ్లు నాకుతూ. "సగంలో ఆపిన చరిత్ర మన పార్టీకి లేదు సార్."

అంతలో సైరన్ వినబడింది. మంత్రిగారు ఎంతో ఆలస్యంగా, ఎంతో హుషారుగా దిగారు. కెమెరాలు ఫ్రిజ్ వైపు తిరిగాయి. కార్పొరేటర్‌గారు దాని తలుపుకి అడ్డంగా నిలబడ్డారు. పొద్దుట్నుంచీ టీ తప్ప ఏమీ పడని కడుపు లోపల్లోపలే నినాదాలిచ్చింది. ఆయన కోసమని వడ్డించే కుర్రాడు దాచిపెట్టిన ఒకే ఒక్క ప్లేటు లోపలి గదిలో ఉంది. మంత్రిగారింకా భోంచెయ్యలేదని పీఏ చెవిలో చెప్పడంతో ఆ ప్లేటు కాస్తా వేదిక మీదికి వెళ్లింది.

మంత్రిగారు ఒక ముద్ద తిన్నారు. తిండి వృథా చెయ్యడం దేశద్రోహం అంటూ ప్లేటు ముందు పెట్టుకుని దీర్ఘంగా మాట్లాడారు. కెమెరా కోసం రెండో ముద్ద తిన్నారు. ఫోన్ మోగింది. లేచిపోయారు.

"సార్!" ఇన్‌స్పెక్టర్ ప్లేటు దగ్గరికి పరుగెత్తాడు. "మిగిలింది సార్!"

కార్పొరేటర్‌గారు ఆ ప్లేటును రెండు చేతులతో ఎత్తి, పసిబిడ్డను పడుకోబెట్టినంత సుతారంగా ఫ్రిజ్‌లో పెట్టారు. ఫ్లాష్‌లు మెరిశాయి. వార్డులో మిగిలిన తిండి నూటికి నూరుపాళ్లు సంరక్షించబడిందని మైకు ప్రకటించింది. అందులో ఒక్క అబద్ధం కూడా లేదు.

అందరూ వెళ్లేసరికి చీకటి పడుతోంది. కార్పొరేటర్‌గారికి కళ్లు తిరుగుతున్నాయి. ఇంటికి ఫోన్ చేశారు.

"మంత్రిగారితో భోంచేశారటగా, టీవీలో చూశాం," అంది భార్య గర్వంగా. "పొయ్యి వెలిగించలేదు."

హోటల్‌కి వెళ్తే షట్టర్ దించి ఉంది. వండిందంతా విందుకే సరిపోయిందట. అభిమానం చంపుకుని సైకిల్ షెడ్డుకి వెళ్లారు. వదిన గిన్నెలు కడిగి బోర్లిస్తోంది.

"వదినా... ఏమైనా మిగిలిందా?"

"మా దగ్గర మిగలదు గదయ్యా," అంది వదిన. తర్వాత ఆయన మొహం చూసి మెత్తబడింది. "రేపు కాస్త పెందలాడే రా. నీకూ పెడతాను."

తాళం సరిగ్గా పడిందో లేదో చూద్దామని ఆయన కేంద్రానికి వెళ్లారు. పడింది. లోపల ఎలా ఉందోనని తాళం తీశారు. బాగానే ఉంది. నాణ్యత పరిశీలించడం ప్రజాప్రతినిధి బాధ్యత గనక ఒక ముద్ద తిన్నారు. ఒక్క ముద్దతో నాణ్యత తేలదు. తిండి చల్లబడి గడ్డకట్టినట్టుంది. అయినా జన్మలో అంత రుచిగా ఏదీ తిన్నట్టు లేదాయనకు. చివరికి ప్లేటు తానే కడిగి, తుడిచి లోపల పెట్టారు.

పొద్దున్నే ఇన్‌స్పెక్టర్ పరుగెత్తుకొచ్చాడు. "సార్, తిండి లేదు సార్! ఎవరో తినేశారు! పైకి రిపోర్టు కూడా పంపేశాను, అర్హుడికి చేరిందని."

వెంటనే పీఏ ఫోన్. "మంత్రిగారు ఉబ్బితబ్బిబ్బైపోతున్నారు. పథకానికి తొలి లబ్ధిదారు! ఎవరో తెలిసిందా?"

"తెలిసిందండీ. మన వార్డువాడే."

"నిజంగా ఆకలితో ఉన్నవాడేనా?"

"చాలా ఆకలి మీదున్నాడండీ, పాపం."

"భేష్. ఫ్రిజ్ తలుపు మీద మంత్రిగారి పక్కన అతని ఫొటో కూడా వేయించమన్నారు. అర్జెంటుగా పంపండి."

కార్పొరేటర్‌గారు లేచి నిలబడి చొక్కా కాలరు సర్దుకున్నారు.

"ఏ సైజు కావాలండీ?" అని అడిగారు.