స్ప్రింగుకూ అలుపొస్తుంది

మరమేకు వదులవడం మానవజాతికి మహోపకారం! కాదనేవాళ్ళు మరమగ్గం ముందు ఒక్క పూట నిలబడి వచ్చి ఆ తరవాత నాతో వాదించాలి. కూర్చుని వాదిస్తే ఒప్పుకోను.

పాఠకులారా, మీ ఇస్త్రీపెట్టె వేడెక్కకపోతే ఎవరిని తిడతారు? కరెంటాఫీసును. తప్పు! చాలాసార్లు నేరం ప్లగ్గు లోపల వైరును పట్టుకుని ఉండవలసిన బుల్లి మరమేకుది, అదే స్క్రూది. అది వదులవుతుంది, వైరు జారుతుంది. దాని పుణ్యానే కదా మీరు నలిగిన చొక్కా వంక పెట్టి మేనమామ కొడుకు పెళ్ళి తప్పించుకున్నారు? ఎలక్ట్రీషియన్ వచ్చేదాకా పక్కింటి వరండాలో కూర్చుని, వాళ్ళ అల్లుడి గుట్టంతా లాగలేదూ?

నగరి మరమగ్గాల షెడ్లలో ఈ మేలు ఇంకా ఎక్కువ. అక్కడ మగ్గాలు ఆడుతుంటే నేల అదురుతుంది, గోడ అదురుతుంది, గోడ మీది దేవుడి పటం కూడా అదురుతుంది. ఇక మోటారు వైరును పట్టుకున్న మేకు ఎన్నాళ్ళని బిగుసుకుని ఉంటుంది? మెల్లిగా వెనక్కి తిరుగుతుంది. మోటారు మూలిగి ఆగుతుంది. పనివాళ్ళు బయటికొచ్చి టీ తాగుతారు. ఎలక్ట్రీషియన్ సైకిలు తొక్కుకుంటూ వచ్చేలోగా, ఏకాంబరం షెడ్డులో మగ్గాలు చూసుకునే గంగులమ్మ కాళ్ళు చాపుకుని ఒక కునుకు కూడా తీస్తుంది. పెద్ద వయసు, పొద్దస్తమానం నిలబడే పని. పాపం, ఆ కునుకే ఆమెకు క్యాజువల్ లీవు!

ఇంతటి సుఖానికి ఒక శత్రువు పుట్టాడు. పేరు కోదండం, ఊరు చంద్రగిరి, వృత్తి మోటార్ల రిపేరు.

ఒకనాడు భార్య వసంతమ్మ ఆరేసిన చీర గాలికి ఎంత కొట్టుకుంటున్నా తీగ మీది క్లిప్పు దాన్ని వదలకపోవడం కోదండం కంట పడింది. బుద్ధిమంతుడైన మొగుడు ‘చీర బాగుందే’ అని ఊరుకునేవాడు. ఇతగాడు క్లిప్పు పీక్కొచ్చి విప్పుకుని కూర్చున్నాడు. చీర ఎగిరి పక్కింటి ఎనుము కొమ్ములకు చుట్టుకుంది.

“చీర యాడికి పోయిందో సూడకుండా ఆ క్లిప్పును పట్టుకోని కూసున్నావే, నీకేమన్నా గాలి సోకిందా?” అని వసంతమ్మ కేకలేసింది.

“గాలి గాదే! మేకు లేకుండా యెట్ల పట్టుకోనుండాదో సూడు! అదిరేకొద్దీ ఇంకా గట్టిగా పడతాండాది!”

అంతే, ఇంట్లో మనశ్శాంతి పోయింది. స్విచ్చులు చేసే బేకలైటుతో ఒక పెట్టె, లోపల స్ప్రింగులా వంచిన ఉక్కు రేకు, పైన చిన్న మీట. మీట నొక్కితే రేకు నోరు తెరవాలి. వైరు దూర్చి వేలు తీస్తే కరిచి పట్టుకోవాలి. చెప్పడానికి ఇంతే! మొదటి రేకు మెత్తనిదై వైరును పట్టుకోలేకపోయింది. రెండోది మరీ మొండిదై కోదండం గోరునే పట్టుకుంది. మధ్యరకం కుదిరేసరికి అతని బొటనవేలు వంకాయలా తయారైంది.

కుదిరాక వసంతమ్మా, ఇరుగుపొరుగు ఆడవాళ్ళూ చింతపండు గింజలు తీసినట్టు వరండాలో వరసగా కూర్చుని, పెట్టెల్లో స్ప్రింగులు బిగించసాగారు. కాస్త పట్టు తప్పితే స్ప్రింగు టింగుమని ఎగిరేది. ఒకటి సాంబారులో తేలింది, ఒకటి పూజారి పిలకలో దొరికింది! కోదండం చలించలేదు. ఆ పెట్టెకు కనెక్టరని పేరు పెట్టి, ఒకదానికి వైరు తగిలించి, నగరి బస్సులో డ్రైవరు పక్కన ఇంజను మూత మీద కట్టి, తానూ ఎక్కి కూర్చున్నాడు. పుత్తూరు దాటేసరికి ప్రయాణికుల కీళ్ళన్నీ వదులయ్యాయి. వైరు మాత్రం కదలలేదు.

నగరిలో దిగి చూపించిన ఆ వైరు చూసి ఏకాంబరం తన షెడ్డంతా మేకులు పీకించి కోదండం కనెక్టర్లు పెట్టించాడు. ఇక మగ్గాలకు ఆగడమనేది లేదు. టీ కొట్టువాడు ఈగలు తోలుకున్నాడు. ఎలక్ట్రీషియన్ సోడాలు అమ్ముకున్నాడు. గంగులమ్మ కునుకు ఊసే లేదు. దీన్నా అభివృద్ధి అంటారు?

కానీ నెల తిరక్కముందే నగరి నుంచి కబురొచ్చింది. మగ్గాలు మళ్ళీ ఆగుతున్నాయట, అదీ పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి! కోదండం వచ్చి బాగు చెయ్యకపోతే ఏకాంబరం అన్నీ పీకించి మళ్ళీ మేకులే పెట్టిస్తాడట, ఊళ్ళో మిగతా షెడ్లవాళ్ళకూ ఆ సంగతి చెబుతాడట. కోదండానికి అన్నం సహించలేదు. కన్నబిడ్డను దొంగ అన్నంత బాధపడ్డాడు.

నగరి వెళ్ళి ఒక్కో పెట్టే విప్పి చూశాడు. స్ప్రింగులన్నీ నిక్షేపంలా ఉన్నాయి. ఇదేం మాయ అనుకుంటూ నూలు మూటల పక్కన నిలబడ్డాడు. పొద్దు కాస్త ఎక్కింది. గంగులమ్మ స్విచ్చి ఆపింది, బొటనవేలితో మీట నొక్కింది, వైరు కాస్త బయటికి లాగి వదిలింది, మళ్ళీ స్విచ్చి వేసింది. “కరెంటు రాలేదయ్యో!” అని అరిచి, తాపీగా బయటికి నడిచింది.

కోదండం వెనకే పరిగెత్తాడు. “ఏం పెద్దమ్మా, నా కొంప ముంచుతాండావే!”

“యేం సేసేది నాయనా? మేకైతే దాని పాటికి అదే వదిలేది. నీది సచ్చినా వదల్లేదు.” ఆమె అరుగు మీద కూలబడి, వాచిన పాదాలు చూపించింది. “కాళ్ళు నొస్తాండాయయ్యా, రవ్వంత సేపు కూసుంటానంటే ఇంటికాడనే కూసో పొమ్మంటాడు ఓనరు. పో, పొయ్యి సెప్పు. నీ పేరు నిలబడతాది.”

చెబితే తన స్ప్రింగు పరువు దక్కుతుంది, ఈమె పని పోతుంది. చెప్పకపోతే ఆమె కూడు దక్కుతుంది, స్ప్రింగు పరువు నగరి వీధుల పాలవుతుంది. ఎటూ తేల్చుకోలేక లోపలికొచ్చేసరికి, ఏకాంబరం మర్నాటి ఆయుధ పూజ కోసం గంధం గిన్నె పట్టుకుని మోటార్లు తుడిపిస్తున్నాడు.

“రేపు మిషన్లను ఎవురన్నా నడిపితే ఊరుకోను!” అంటున్నాడు పనివాళ్ళతో. “యేడాదంతా నోరు లేకుండా కష్టపడినాయి. ఒక పొద్దన్నా పండుకోవద్దా?”

కోదండం ఆ మాట విన్నాడు. ఏకాంబరం దగ్గరికి నడిచాడు.

“అన్నా, తప్పు నాదే. నా స్ప్రింగు ఉక్కుదే గానీ, సందు లేకుండా కరుసుకోనుంటే దానికి అలుపొస్తాది. అలిసిపోతే వదిలేస్తాది. పొద్దున ఒక తూరి, మద్దేనం ఒక తూరి, మోటార్లు ఆపి దానికి రెస్టు ఇయ్యాల.”

ఏకాంబరం కళ్ళు చెమర్చాయి. “ముందే సెప్పకూడదా అప్పా! నోరు లేని దాన్ని ఇంత హింస పెడితినే!”

షెడ్డుకు గంట కట్టించారు. రెండు పూటలా గంట మోగుతుంది, మగ్గాలు ఆగుతాయి. ఆ తరవాత ఒక్క వైరూ ఊడలేదు! ఏకాంబరం షెడ్డు షెడ్డుకూ వెళ్ళి స్ప్రింగు ఆరోగ్యం గురించి ఉపన్యసిస్తున్నాడు. చంద్రగిరిలో తయారయ్యే ప్రతి డబ్బా మీదా ‘విశ్రాంతి తప్పనిసరి’ అని అచ్చు వేస్తున్నారు. “యెన్నటికీ అలవని దాన్ని సేసి, అలుపొస్తాదని నీ సేత్తోనే అచ్చేపిస్తివే!” అని వసంతమ్మ ఇప్పటికీ దెప్పుతుంది. కోదండం ఆ అచ్చు కనబడకుండా డబ్బాను గోడవైపు తిప్పి పెడతాడు.

మొన్న కోదండం మళ్ళీ నగరి వెళ్ళాడు. గంట మోగింది. ఏకాంబరం గంగులమ్మ దగ్గరికొచ్చి, “స్ప్రింగు పండుకుంటే నువ్వెందుకు కూసోవాల? ఆ నూలు కండెలన్నా సుట్టు” అన్నాడు.

“అన్నా!” కోదండం గొంతు తగ్గించాడు. “షెడ్లో ఎవురన్నా మెసిలితే దానికి నిద్దర పట్టదు.”

ఏకాంబరం నాలుక కరుచుకున్నాడు. చెప్పులు విడిచి చేత పట్టుకుని, మునివేళ్ళ మీద బయటికి నడిచాడు.

కాబట్టి పాఠకులారా, మరమేకు గొప్పదన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. స్ప్రింగే గొప్పది. ఉక్కుకు అలుపొస్తుందంటే ఏకాంబరం ఒక్క మాటకే నమ్మాడు. గంగులమ్మ కాళ్ళు వాచాయంటే మాత్రం ఈ రోజుకీ నమ్మడు!