పహిల్వాన్ ముత్తయ్య ఇచ్చిన కానుక

దేవరయాంజాల్‌లో ముత్తయ్యను ఇప్పటికీ పహిల్వాన్ అనే పిలుస్తారు. ఇరవై ఐదేళ్ళ కిందట జాతరలో ఆయన ఒక కుస్తీ గెలిచాడు. అవతలివాడికి ఆ రోజు జ్వరమని కొందరంటారు. ముత్తయ్య ఆ కొందరితో మాట్లాడడు.

ప్రస్తుతం పహిల్వాన్ గారి ఉద్యోగం మేడ్చల్ రోడ్డు మీద ఒక ఫంక్షన్ హాలుకు కాపలా. కాపలా అంటే ఒక కుర్చీ. దాన్ని గేటుకు అడ్డంగా వేసుకుని కూర్చుంటాడు. నడుము ఏటేటా పెరుగుతోంది కాబట్టి గేటు కూడా ఏటేటా బాగానే మూసుకుంటోంది.

ఆయన భార్య జయమ్మ చేపలమ్ముతుంది. చీకటితోనే శామీర్‌పేట చెరువు కట్టకు పోయి గంప నింపుకుని వస్తుంది. ఊరంతా తిరిగి అమ్ముతుంది. మధ్యాహ్నం ఇంటి చాకిరీ. సాయంత్రం ఇంకో గంపతో తుర్కపల్లి పోయి, కంపెనీ క్యాబులు ఆగే చోట కూర్చుంటుంది. ఇంత చేసి ఇంటికొచ్చాక, కుర్చీలో కూర్చుని కూర్చుని నడుము పట్టేసిన మొగుడికి నూనె రాస్తుంది.

ఆ శ్రావణంలో రెండు సంగతులు ఒకేసారి జరిగాయి. ఊళ్ళో కుర్రాళ్ళకు కుస్తీ నేర్పే తాలీంలో ముసలి ఉస్తాద్ ఓపిక లేదని, గురువు హోదాకు గుర్తుగా తలకు కట్టుకునే పగిడీ విప్పేసి, సిద్దిపేటలో కూతురింటికి వెళ్ళిపోయాడు. అదే వారం తుర్కపల్లి పరిశోధన కేంద్రం నుంచి అశ్రిత అనే డాక్టరమ్మ వచ్చింది. కుస్తీలు పట్టినవాళ్ళ ఒళ్ళు, బరువులెత్తినవాళ్ళ ఒళ్ళు నలభై ఐదు దాటాక ఎలా ఉంటుందో ఆమె పరిశోధన చేస్తోంది. గుండె ఎలా కొట్టుకుంటోంది, నిద్ర ఎంత, చేతి పట్టు ఎంత, ఇవన్నీ కావాలట.

తాలీం పెద్ద పరమేశ్‌కు రెండు పనులూ ఒక్క దెబ్బకు తీరే ఉపాయం తట్టింది.

"డాక్టరమ్మ రిపోర్టుల ఎవనిది మంచిగొస్తే గానికే పగిడీ," అన్నాడు.

పోటీలో మిగిలింది ఇద్దరే. ఒకడు ముత్తయ్య. రెండోవాడు దండాల సత్తయ్య. యాభై ఏళ్ళొచ్చినా పొద్దున్నే రెండొందల దండాలు తీసి, తీసినట్టు ఊరందరికీ చెప్పి గానీ టీ తాగని మనిషి.

పగిడీ మాట వినగానే ముత్తయ్య గుండె ఝల్లుమంది. ఆ పగిడీ కట్టుకుని బజారులో ఒక్కసారి నడవాలని ఆయనకు ఎంత ఆశో! ఉస్తాద్ ఎదురైతే ముసలివాళ్ళు కూడా కుర్చీలోంచి లేస్తారు. ముత్తయ్య కోసం ఇంతవరకు ఎవరూ కుర్చీలోంచి లేవలేదు.

డాక్టరమ్మ ఇద్దరి చేతులకూ రబ్బరు పట్టీలు కట్టింది. చూడటానికి గడియారాల్లాగే ఉన్నాయి, అడుగున పచ్చలైటు మిణుకుమిణుకు మంటోంది. ముత్తయ్యది పదిహేడో నంబరు. "మూడు వారాలు. స్నానానికి కూడా తీయొద్దు. లెక్కలు వాటంతటవే నా ఫోనుకు వస్తాయి," అంది.

మొదటి రోజు సాయంత్రానికి ముత్తయ్య పట్టీ ఎనిమిది వందల పన్నెండు అడుగులు చూపించింది. అందులో సగం టీ కొట్టువి, సగం టీ కొట్టు నుంచి వెనక్కి. సత్తయ్య పట్టీ పదకొండు వేలు చూపించిందని సత్తయ్యే ఇంటింటికీ తిరిగి చెప్పాడు. ఆ తిరగడంతో పన్నెండు వేలయింది.

ముత్తయ్య అన్నం ముందు దిగులుగా కూర్చున్నాడు. ఎదురుగా జయమ్మ నీళ్ళబిందె దించి, గంప కడిగి, వాకిలి ఊడ్చి, కట్టెలు తెచ్చి, మళ్ళీ బిందె ఎత్తుకుంది. చూస్తూ ఉండగా ముత్తయ్య మొహం మెల్లగా వెలిగింది. ఆ వెలుగు చూసిన ప్రతిసారీ జయమ్మకు ఏదో ఒక నష్టం జరిగింది.

మర్నాడు పట్టీని రంగు కాగితంలో చుట్టి తెచ్చాడు.

"ఏందయ్యా గిది?"

"నీకే. మన పెండ్లిరోజు గదనే!"

"మన పెండ్లి ఎండకాలంల అయింది. పీటల మీద నువ్వు సొమ్మసిల్లితే నెత్తిల సల్లటి నీళ్ళు గొట్టిన్రు. గిప్పుడు వానకాలం."

"గప్పుడు ఏం ఇయ్యలె గదా. గందుకే గిప్పుడిస్తున్న."

జయమ్మ కాగితం విప్పింది. ఇరవై రెండేళ్ళ కాపురంలో ఆయన తెచ్చిన మొదటి వస్తువది. కొంగుతో చెయ్యి తుడుచుకుని, పట్టీ కట్టుకుని, లైటు వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసుకుంది.

"మస్తుందయ్యా," అంది, గొంతు ఎన్నడూ లేనంత మెత్తగా.

ఆ మెత్తదనానికి ముత్తయ్య కొంచెం ఇబ్బంది పడ్డాడు. కానీ పగిడీ గుర్తొచ్చి సర్దుకున్నాడు. ఇక్కడే ఆయన ఒక తప్పు చేశాడు. చేప కడిగేటప్పుడు తీసేస్తుందేమోనని భయపడి, ఒక్క మాట ఎక్కువ అన్నాడు.

"తీయొద్దు సూడు. తానం జేసేటప్పుడు గూడ. పుస్తె లెక్క ఇది. తీసినవంటే నాకు అరిష్టం."

"గంత మాటెందుకు? తీయ తియ్," అని జయమ్మ పుస్తెను కళ్ళకద్దుకున్నట్టే పట్టీని కళ్ళకద్దుకుంది.

ఇక ముత్తయ్యకు పండగే. తిన్నది రాసుకోమని డాక్టరమ్మ ఇచ్చిన పుస్తకంలో రోజూ పన్నెండు గుడ్లు, చెంబెడు పాలు, బాదం అని రాసేవాడు. రాస్తూ గండిమైసమ్మ చౌరస్తా నుంచి తెచ్చుకున్న మిర్చిబజ్జీలు తినేవాడు. పుస్తకం నూనె మరకలతో బలంగా తయారైంది.

మూడు వారాలు అయిపోయాయి. రేపు తాలీంలో రిపోర్టు అనగా ముత్తయ్య భార్య పక్కన చేరి, వీలైనంత మామూలుగా అడిగాడు.

"ఏమే, ఆ గడియారం ఒకపారి ఇయ్యి. తుడిచిస్త."

"తీయొద్దంటివి గదా."

"తుడిసెటందుకు తీయొచ్చు."

"అరిష్టమంటివి."

"గది రోజూ గాదే. ఇయ్యాల తిథి మంచిగుంది."

"నీ పాణం మీదికి దెచ్చుకుంటనా? సచ్చినా తీయ," అని జయమ్మ చెయ్యి కొంగులో దాచుకుంది. "కావాల్నంటే నా చెయ్యి తీస్కపో."

ముత్తయ్య బతిమాలాడు. అరిచాడు. తనకొచ్చిన మూడు కుస్తీ పట్లలో ఒకటి ప్రయోగించాడు. జయమ్మ విసుగ్గా మోచెయ్యి తిప్పేసరికి పహిల్వాన్ బియ్యం సంచి మీద కూర్చున్నాడు. ఆమె పొయ్యి మీద పులుసు కలుపుతూనే ఉంది, గరిటె కూడా మార్చుకోలేదు.

మర్నాడు ముత్తయ్య మణికట్టుకు పెద్ద కట్టు కట్టుకుని, పట్టీ లేకుండానే తాలీంకు పోయాడు. పట్టీ ఆ కట్టు కింద ఉందని, బెణుకు తగ్గాక ఇస్తానని చెప్పుకున్నాడు. డాక్టరమ్మ సరేనంది. అంత తేలిగ్గా ఎందుకు సరేనందో ముత్తయ్యకు తోచలేదు.

"పదిహేడో నంబరు రిపోర్టు చాలా బాగుంది," అని ఆమె అందరి ముందూ మొదలుపెట్టింది. "ముత్తయ్య గారూ, రోజూ నాలుగింటికే లేస్తున్నారు."

"పహిల్వాన్ల అలవాటమ్మా," అన్నాడు ముత్తయ్య. ఎనిమిదింటికి ఆయన్ని నిద్రలేపే పాలవాడు వెనక నుంచి దగ్గాడు.

"రోజూ పద్దెనిమిది వేల అడుగులు. అందులో సగం బరువు మోస్తూ వేసినవి."

"ఇసక బస్త ఎత్తుకోని ఉరుకుత."

సత్తయ్య మొహం వాడిపోయింది. పరమేశ్ చెయ్యి బల్ల మీదున్న పగిడీ దగ్గరకు పోయింది.

"కానీ ఒకటి అర్థం కాలేదు. రోజూ సాయంత్రం ఏడింటికి, కూర్చునే ఉన్నా, గుండె వేగం నూట ముప్పైకి పోతోంది. ఏడింటికి ఏం చేస్తారు?"

ఏడింటికి తను డ్యూటీ దిగి ఇంటికొస్తాడు. "కుస్తీ పడతనమ్మా," అన్నాడు ముత్తయ్య.

"ఎవరితో?"

"ఇంట్ల... గోడతోని."

"మొన్న మంగళవారం ఒక్కరోజు మాత్రం ఏడింటికి గుండె చాలా నెమ్మదిగా ఉంది. ఈ ఇరవై రోజుల్లో ఆ శరీరం అంత హాయిగా ఉన్నది ఆ ఒక్క సాయంత్రమే. ఆ రోజు ఏం జరిగింది?"

మంగళవారం ముత్తయ్య దుండిగల్‌లో అక్క ఇంటికి పోయి, అక్కడే పడుకున్నాడు. ఆ సంగతి గుర్తు రాగానే నోట్లో సిద్ధంగా ఉన్న అబద్ధం లోపలే ఆగిపోయింది. తను ఇంట్లో లేకపోతే తన భార్య గుండెకు అంత విశ్రాంతా? ఆయనకు నిజంగానే బాధేసింది. పగిడీ పోతే వేసే బాధ కాదది, దానికంటే లోతైనది.

"నేను జెప్పనా బిడ్డా?" అంటూ జయమ్మ గంప దించి లోపలికొచ్చింది. చేతికి పట్టీ, పట్టీ మీద పదిహేడు. తాలీం అంతా చూసింది.

అసలు సంగతి అప్పుడు బయటపడింది. కానుక కట్టుకున్న మూడో రోజే తుర్కపల్లి క్యాబుల దగ్గర అశ్రిత చేపలు కొంటూ ఆ నంబరు చూసేసింది. నాలుగో రోజు ముత్తయ్య పేరు పహిల్వాన్ల లెక్కల్లోంచి కొట్టేసింది. అయిదో రోజు జయమ్మ ఇష్టపూర్వకంగా కాగితం మీద సంతకం పెట్టింది. బరువులు మోసే ఆడవాళ్ళ బలం మీద కొత్త పరిశోధన, అందులో మొదటి మనిషి ఆమే.

"అంటే నీకు ఎర్కేనా?" అన్నాడు ముత్తయ్య నీరసంగా.

"ఎర్కే. మొదటి రెండు దినాలు ఎర్క లేకుండె. గా రెండు దినాలు గల్లీల అందరికీ సూపెట్టిన, మా ఆయన దెచ్చిండని." జయమ్మ పట్టీని కొంగుతో ఒకసారి తుడిచింది. "తర్వాత ఎర్కైంది. ఏడ్సిన. గప్పుడు నీకు గూడ ఏడుపు రావాల్నని ఊకున్న."

ముత్తయ్య తల వంచుకున్నాడు. "తప్పయిందే," అన్నాడు. అందరి ముందూ అన్నాడు. అలా అనడం ఆయనకు మొదటిసారి.

అశ్రిత చేతి పట్టు కొలిచే పరికరం తీసి ముగ్గురి చేతా నొక్కించింది. సత్తయ్యకు నలభై ఆరు కిలోలు. జయమ్మకు ముప్పై ఎనిమిది. ముత్తయ్యకు ముప్పై మూడు, అదీ కళ్ళు మూసుకుని పళ్ళు కొరికితే. బెణికిన చేత్తో నొక్కుతున్నాననే సంగతి కూడా మరిచిపోయాడు. పగిడీ సత్తయ్య నెత్తికెక్కింది.

"ఇప్పుడు రెండో దశ," అంది డాక్టరమ్మ. "మూడు వారాల పాటు జయమ్మ గారు వారానికి రెండు రోజులు పూర్తిగా విశ్రాంతి తీసుకోవాలి. గంప ముట్టకూడదు. ఇంటి పనీ చేయకూడదు. మరి ఆ పని ఎవరు చేస్తారు?"

"ఇంట్ల ఒక పహిల్వాన్ ఉన్నడు గదా," అన్నాడు పరమేశ్. తాలీం గోడలు అదిరేలా నవ్వారు.

ఆ శుక్రవారం ముత్తయ్య నెత్తిన చుట్టబట్ట, దాని మీద గంపతో శామీర్‌పేట కట్ట నుంచి బయలుదేరాడు. మొదటి కిలోమీటరులో మెడ పోయింది. రెండో దానిలో నడుము పోయింది. ఊళ్ళోకి వచ్చేసరికి "చేపలో" అని అరవడానికి గొంతు కూడా మిగల్లేదు. దూరంగా మెట్టు మీద కూర్చుని జయమ్మ చాయ్ తాగుతూ చూస్తోంది. డాక్టరమ్మ చెప్పినట్టు పూర్తి విశ్రాంతిలో ఉంది.

తాలీం ముందుకు రాగానే పగిడీతో సహా ఉస్తాద్ సత్తయ్య పిలిచాడు. "ఓ ముత్తన్నా! కొర్రమీను సూపెట్టు. పాణంతోని ఉన్నది గావాలె."

ముత్తయ్య గంప దించి, బతికున్న కొర్రమీనును రెండు చేతులా పట్టుకున్నాడు. దాన్ని తల దగ్గర పట్టాలని ఆయనకు తెలియదు. ఇరవై రెండేళ్ళుగా తినడమే గానీ ఎప్పుడూ పట్టలేదు. కొర్రమీను ఒక్క గుంజు గుంజింది. జారి, ఎగిరి, కుస్తీ పట్టే గోదాలో ఎర్రమట్టి మీద పడింది. వెనకే ముత్తయ్యా పడ్డాడు. తన మూడు పట్లూ వరసగా వేశాడు. చేప మూడింటినీ విప్పుకుని, తోకతో చెంప మీద ఒకటిచ్చింది. పహిల్వాన్ వీపు మట్టికి ఆనింది. చేప ఛాతీ మీద పడి ఎగురుతోంది.

కుర్రాళ్ళంతా ఉస్తాద్ వైపు చూశారు. గోదాలో తీర్పు చెప్పాల్సింది ఉస్తాదే.

"వీపు ఆనింది," అన్నాడు సత్తయ్య గంభీరంగా. "కుస్తీ చేపదే."

జయమ్మ గ్లాసు పక్కన పెట్టి లేచి వచ్చింది. వంగి, ఒంటిచేత్తో చేప తల దగ్గర పట్టి గంపలో వేసింది. రెండో చెయ్యి మొగుడికి అందించింది.

"డాక్టరమ్మ నిన్ను పని జేయొద్దన్నది గదనే," అన్నాడు ముత్తయ్య, కళ్ళలో మట్టి తుడుచుకుంటూ.

"గిది పని గాదయ్యా, మొగన్ని లేపుడు. లే. ఇంక పన్నెండు ఇండ్లు తిరగాలె."