పెట్టెలకు మాత్రమే ప్రవేశం

మామిడి కోతలు ముగిసేదాకా సంఘస్థులెవ్వరూ చనిపోరాదని చాట్రాయి దగ్గరి ఒక ఊరి చర్చి కమిటీ ఆదివారం ఆరాధన తరువాత ఏకగ్రీవంగా తీర్మానించింది.

చాలా సబబైన తీర్మానం. సమాధుల దొడ్డికి పోయే బండిదారి, ఆ పుంత, ప్రభాకరరావుగారి తోటలో ఉంది. ఒకప్పుడు పుంత ఊరందరిదీ, తోట దాని పక్కన ఉండేది. పిమ్మట చెట్లే నడిచివచ్చి పుంతను లోపలికి తీసుకున్నాయి. అయినా ఆయన ధర్మాత్ముడు. కాయలేని రోజుల్లో గేటు తీయిస్తారు. కాయ ఉన్నప్పుడు మాత్రం, ఏడ్చేవాళ్ళు తల దించుకోక పైకి చూస్తున్నారని, 'పెట్టెలకు మాత్రమే ప్రవేశం' అని బోర్డు కట్టించారు.

తాళంచెవి తోట కావలివాడు మార్టిన్ దగ్గర ఉంటుంది. అతని తల్లి దయామణి కమిటీ మాట లెక్కచేయక మంచం పట్టింది. మొగుడి సమాధి పక్కన పడుకోవాలన్నదొక్కటే ఆమె కోరిక.

పాస్టరు డేవిడ్ రాజుగారు వచ్చి ప్రార్థన చేశారు. "కాస్త ఓపిక పట్టమ్మా. రసాలు అయిపోయాయి, కలెక్టరు కాయలే మిగిలాయి."

"పైనాయన పిలిస్తే ఏం చెప్పనయ్యగారూ? చెట్టుమీద కాయుందని చెప్పనా?" అంది ముసలమ్మ. కొడుకు వైపు తిరిగి, "నేను కాపురానికొచ్చిన బండి ఆ పుంతలోనే వచ్చిందిరా. అప్పుడు గేటేదీ?" అంది.

మార్టిన్ మొలలో తాళంచెవి తడుముకున్నాడు.

క్రమశిక్షణ లేని మనిషి. కోతల మధ్యలోనే పోయింది.

మార్టిన్ వెళ్ళి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "మీ అమ్మకని తీస్తే రేపు ఊళ్ళో అందరి అమ్మలకీ తియ్యాలిరా," అన్నారు ప్రభాకరరావుగారు. "బోర్డు చదువుకో. పెట్టెలే."

మార్టిన్ చదువుకున్నాడు. శవాన్ని పెట్టేదీ పెట్టే. హనుమాన్ జంక్షన్ నుంచి కాయలకోసం ఖాళీ పెట్టెలతో వచ్చిన లారీలోనే తల్లి పెట్టెనూ ఎక్కించాడు. ఖాళీగా వెళ్ళి నిండుగా రావాల్సిన పెట్టెల్లో అదొక్కటే నిండుగా వెళ్ళింది. పాస్టరుగారు కంచె బయటనుంచి మైకులో సమాధి ప్రార్థన చేశారు. చుట్టాలు రోడ్డుమీదే నిలబడి ఏడ్చారు, తల దించుకునే. లోపల గొయ్యి తవ్వినవాడూ మట్టి వేసినవాడూ కావలివాడే. బయటికొచ్చేటప్పుడు నిబంధన ప్రకారం తన జేబులు తానే తడిమి చూసుకుని గేటుకు తాళం వేశాడు.

మరుసటి ఆదివారం చర్చిలో ప్రభాకరరావుగారికి శాలువా కప్పి, 'దారి దాత' అని పేరు చెక్కిన చలువరాయి ఆవిష్కరించారు.

"నాకు కులమతాలు లేవు," అన్నారాయన గద్గదంగా. "పోయేవాళ్ళకు దారివ్వడంకంటే పుణ్యం ఏముంది? వచ్చే ఏడు మీ గేటుకి లైటు కూడా వేయిస్తాను."

చర్చి దద్దరిల్లేలా చప్పట్లు కొట్టారు. మార్టినూ కొట్టాడు. మొలలో తాళంచెవి తాళం వేసింది.

పుంత మనదే కదా అని ఒక్కరైనా అనలేదేమని మీరడగవచ్చు. అడగండి. ముందు మీ ఊరి పుంత ఎవరి తోటలో ఉందో చూసుకుని రండి.